మన్యంలో పిల్లల రక్తవ్యాధులు, తల్లుల ఆరోగ్యం: శ్రీకాకుళం, విజయనగరం ఏజెన్సీపై ఒక పరిశీలన

ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కొండ ఊళ్లలో సవర, జాతాపు, గదబ కుటుంబాలను సికిల్‌సెల్ రక్తహీనత తరాలుగా వెంటాడుతోంది. మలేరియా ఉన్నచోట ఒకవైపు నుంచి మాత్రమే వచ్చిన సికిల్ జన్యువు మనిషికి రక్షణ. అమ్మ నుంచీ అయ్య నుంచీ వస్తే అదే జబ్బు. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి. జిల్లా మారినా ఈ ఇళ్ల బాధ మారలేదు. సికిల్‌సెల్, అలాగే తల్లిదండ్రుల నుంచి వచ్చే మరో రక్తవ్యాధి తలసీమియాల గురించి మాట్లాడేటప్పుడు చర్చ బిడ్డ దగ్గరే ఆగిపోతుంది. ఆ బిడ్డను ఎత్తుకు తిరిగే తల్లి కూడా క్రమంగా రోగి అవుతోందన్నది ఈ వ్యాసం వాదన.

రక్తం ఎక్కించే రోజు చూస్తే సంగతి తెలుస్తుంది. తలసీమియా తీవ్రంగా ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించక తప్పదు. కొండ దిగి ఆటో, ఆపైన బస్సు. గ్రూపు చూసి, సరిపోల్చి, రక్తం సంచి మంచం దగ్గరకు వచ్చేసరికి పొద్దెక్కుతుంది. అది ఎక్కడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. చలి పుడుతుందేమో, దద్దుర్లు వస్తాయేమోనని తల్లి బిడ్డ చెయ్యి వదలదు. తెల్లవారుజామున తాగిన చోడి అంబలే ఆమెకు ఆ పూట తిండి. ఆఖరి బస్సు తప్పితే రాత్రికి ఆసుపత్రి వరండాయే దిక్కు. రెండు రోజుల కూలి పోతుంది.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే బిడ్డకు రక్తం ఎక్కుతున్న మంచం పక్కన కూర్చున్న తల్లికీ రక్తం చాలకపోవడం వింతేమీ కాదు. గర్భిణిగా ఉన్నప్పుడు ఆమె హిమోగ్లోబిన్ చూస్తారు. బీపీ, షుగర్ పరీక్షల కార్యక్రమం ముప్పై దాటినవాళ్లకు. పాతికేళ్ల తల్లి ఈ రెంటికీ మధ్య జారిపోతోంది. పైడితల్లమ్మకు మొక్కుకుని ఒంటిపూట తినే తల్లులుంటే వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

సాకే భారం తల్లి ఒంటిపై చూపే ప్రభావాన్ని తెలుసుకోడానికి శాస్త్రవేత్తలు ఎలిస్సా ఎపెల్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ బృందం అమెరికాలో 58 మంది తల్లులను పరీక్షించి, 2004లో ఫలితాలు ప్రకటించింది. వారిలో 39 మందికి దీర్ఘవ్యాధి ఉన్న పిల్లలున్నారు. సగటున రెండు జట్ల మధ్య తేడా తేలలేదు. కానీ రోగి బిడ్డను సాకిన ఏళ్లు పెరిగేకొద్దీ తల్లి కణాల్లోని టెలోమియర్లు (వయసుతో అరిగే క్రోమోజోముల కొసలు) పొట్టివయ్యాయి, ఆమె వయసును లెక్కలోకి తీసుకున్నాక కూడా. చిన్న నమూనా కాబట్టి దీన్ని యథాతథంగా మన్యానికి అన్వయించలేం. అయితే తల్లిని ‘ఎన్నేళ్లుగా సాకుతున్నావు’ అని అడగాలన్న పాఠం మాత్రం మనకు పనికొస్తుంది.

మాట పడటం మరో భారం. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే (జన్యువు ఒకవైపు నుంచే వచ్చినవాళ్లయితే) ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం జబ్బుకు, సగం అవకాశం వాహకత్వానికి. భర్త పాలు సమానమే అయినా “నీ వైపు నుంచే వచ్చింది” అనిపించుకునేది కోడలే. మళ్లీ నెల తప్పితే ఆమెకు సంతోషం కన్నా భయమే ముందు. పెద్దపిల్ల బడి మానేసి పొయ్యి దగ్గర కూర్చోవడం, తండ్రి అప్పుకోసం తిరగడం కూడా ఈ జబ్బు లెక్కలోవే.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. తలసీమియా, సికిల్‌సెల్ రోగులకు రాష్ట్రం నెలకు రూ.10,000 పింఛను ఇస్తోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ రెండు జబ్బులకూ చోటు దక్కింది. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ నలభై ఏళ్ల లోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ వయసులో తల్లులూ ఉన్నారు. వేలు గుచ్చి చుక్క రక్తం తీస్తున్నారు కూడా. కానీ అందులో వెతికేది జన్యువును. అదే చోట ఆమె హిమోగ్లోబిన్, బీపీ చూడటానికి అడ్డేమిటి?

తల్లిని అడిగే తీరు కూడా మారాలి. అత్త పక్కనుండగా ‘దిగులుగా ఉంటోందా’ అంటే ఏ తల్లీ ఔననదు. తల దిమ్ముగా ఉందనో, ఒళ్లు నొప్పులనో అంటుంది. నిన్న ఎన్ని పూటలు తిన్నావమ్మా, రాత్రి ఎంతసేపు పడుకున్నావు అని సవర భాష తెలిసిన ఆశా కార్యకర్త విడిగా అడిగితే నోరు విప్పుతుంది. ఆ జవాబులు బిడ్డ కేసు షీట్‌లోనే ఒక గడిలో రాసుకోడానికి కొత్త పథకం అక్కర్లేదు.