తల్లి ఏం చేస్తోంది?

పిల్లలకు ఏ ప్రమాదం జరిగినా మన కథల్లోనూ, మన వీధుల్లోనూ ముందు వినిపించే ప్రశ్న ఒకటే: "తల్లి ఏం చేస్తోంది?" అమెరికాలో తుపాకులకు బలైన పిల్లల చరిత్ర చదువుతుంటే ఆ ప్రశ్నే నన్ను వెంటాడింది.

1970లో అక్కడ మందు సీసాల మూతల గురించి ఒక చట్టం వచ్చింది. పిల్లలు మాత్రలు మింగి చనిపోతుంటే తల్లికి జాగ్రత్తలు చెప్పి ఊరుకోలేదు, సీసా మూతనే మార్పించారు. మరణాలు బాగా తగ్గాయి. తుపాకీ దగ్గర మాత్రం ఆ వివేకం ఆలస్యమైంది. పిల్లలకు అందేలా తుపాకీ వదిలేసిన యజమానిదే నేరమని మొదట చట్టం చేసింది ఫ్లోరిడా, 1989లో. 1996లో తుపాకుల నియంత్రణను ప్రోత్సహించేందుకు నిధులు వాడరాదన్న షరతుతో ప్రభుత్వ పరిశోధన ఇరవై ఏళ్ళకు పైగా కుంటుపడింది. 2000 మే 14న, మాతృదినం నాడు, తల్లులు వాషింగ్టన్‌లో పెద్ద ఎత్తున కదిలారు. తూటాలు తీసేసి, తుపాకీకి తాళం వేసి, తూటాలను వేరేచోట తాళం వేసి ఉంచిన ఇళ్ళలో పిల్లల ప్రమాదాలూ, ఆత్మహత్యలూ తక్కువని 2005లో ఒక అధ్యయనం తేల్చింది. అయినా 2020 నాటికి 1-19 ఏళ్ళవారి మరణాలకు తుపాకీయే మొదటి కారణమైంది.

అక్కడి మన తెలుగు తల్లులు పిల్లల్ని ఆటకు పంపేముందు "వాడికి వేరుశనగ పడదు" అని చెబుతారు. "మీ ఇంట్లో తుపాకీ ఉందా? తాళం వేశారా?" అనీ అడగాలి. అయితే అడిగే బరువు కూడా తల్లి ఒక్కదానిదే అయితే, ఆ పాత ప్రశ్న ఇంకా బతికున్నట్టే.