కంభం చెరువు కింద ఎండ్రకాయల చారు

మా పడమటి ప్రకాశానికి సముద్రం దూరం. 1970లో ప్రకాశం జిల్లా ఒంగోలు జిల్లా పేరుతో ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు, కంభం అన్నీ కర్నూలు జిల్లా ఊళ్లే. కోస్తా రొయ్య మా సంతకు ఎండిపోయే వచ్చేది. పచ్చిగా దొరికేది మడిగట్టు ఎండ్రకాయ ఒక్కటే. దాన్ని మాకిచ్చింది కంభం చెరువు.

నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర పుట్టే గుండ్లకమ్మకు రెండు కొండల నడుమ కట్ట వేయించింది గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ అని చెబుతారు. 2020లో అంతర్జాతీయ ఇరిగేషన్, డ్రైనేజీ కమిషన్ ఈ చెరువును వారసత్వ కట్టడంగా గుర్తించింది. రాణిగారి గురించి అందరూ రాస్తారు, ఎండ్రకాయను ఎవరూ పట్టించుకోరు.

సముద్రపు పీతలా దీనికి ఉప్పునీళ్లతో పనిలేదు. గుడ్లను పొట్టకింద మడతలో మోసి, అచ్చం తనలాంటి బుల్లి పిల్లల్నే బయటికి వదులుతుంది. మడిలో చేరిందంటే గట్టుకు బొరియ పెట్టకుండా ఊరుకోదు. రాత్రికి రాత్రి నీళ్లు పక్క మడిలోకి జారిపోతాయి, తెల్లారేసరికి ఇద్దరు రైతులకు తగువు. అందుకే ఎండ్రకాయలు పట్టడమంటే ముందు గట్టు కాపాడుకోవడం. చారు ఆ పనిలో కలిసొచ్చిన లాభం.

మా అవ్వ డిప్ప ఊడదీసి, మొప్పలు పారేసి, బురద వాసన పోయేదాకా కడిగేది. పెద్ద డెక్కలు పక్కన పెట్టి, మిగతాదంతా రోట్లో వేసి దంచేది. బియ్యం కడుగు పోస్తూ పిసికి, పాత పంచెగుడ్డలో పిండితే బూడిదరంగు నీళ్లు దిగేవి. చూస్తే ఎవరికీ తాగబుద్ధి కాదు. సన్నసెగ మీద కలుపుతూ కాస్తే కాసేపటికి మాంసం విరిగిన పాలలా పైకి తేలేది. అప్పుడు మిరియాలు, ధనియాలు, వెల్లుల్లి దంచి వేసి, కాస్త చింతపండు పులుసు, వేయించిన నువ్వుల ముద్ద కలిపి, పక్కన పెట్టిన డెక్కలు అందులో వదిలేది. ఫ్రాన్సులో బిస్క్ అనే చారు చేసేవాళ్లూ ఒకప్పుడు ఇలాగే డిప్పలు నూరి, బియ్యంతో చిక్కబరిచేవాళ్లు. పైన మీగడ పోస్తారు. నువ్వులుండగా మాకు మీగడెందుకు?

దగ్గుకు మందని పిల్లల చేత తాగించేవాళ్లు. మిరియాల మహిమో, ఎండ్రకాయదో తేల్చడం నావల్ల కాదు. బాగా మరగడం మాత్రం ముఖ్యం: సరిగా ఉడకని ఎండ్రకాయతో ఊపిరితిత్తుల్లో చేరే పురుగు రావచ్చు.

చెరువు నిండని ఏళ్లు, బోర్లు, వరికి చల్లే గుళికల మందు కలిసి గట్లమీద బొరియలు తగ్గించేశాయి. ఇప్పుడు మార్కాపురంలో ఐసు పెట్టెల్లో కోస్తా చెరువుల రొయ్యలు దొరుకుతున్నాయి. తలకాయలు పారేయకుండా వేయించి, మిక్సీ పట్టి, బియ్యం కడుగుతో వడగట్టండి. గుడ్డ మాత్రం రెండు మడతలుండాలి, లేకపోతే మీసాలు పంటికి తగులుతాయి.