మందు కొలత

తుపాకి అనగానే మనకు గొట్టం జ్ఞాపకం వస్తుంది, గుండు జ్ఞాపకం వస్తుంది, చెవులు గింగురుమనే పేలుడు జ్ఞాపకం వస్తుంది. వీటన్నిటికీ ముందు చేతిలోనికి తీసుకోవలసిన చిన్న కొలబుర్ర మాత్రం ఎవరికీ జ్ఞాపకం రాదు. కొమ్ముతోనో, వెదురుతోనో, ఇత్తడితోనో చేసిన ఆ బొటనవ్రేలంత పాత్రతో వీరగాథలు చెప్పేవారికి పని లేదు. అయినప్పటికీ మూతివైపు నుండి మందు దట్టించి కాల్చే తుపాకుల కాలమంతటా, అనగా మన ఉత్తర కోస్తాలో బొబ్బిలి యుద్ధం మొదలుకొని మన్యపు పితూరీల వరకు, తుపాకి ఎవరి చెప్పుచేతలలో ఉండవలసినదీ చాలవరకు నిర్ణయించినది మందు, మందు కొలత అని నా అభిప్రాయం.

ఈ చరిత్ర పరవాడ ప్రాంతపు శ్రోతలకు దూరపుది కాదు. ఆ ఊరికి ఒక ప్రక్క ముత్యాలమ్మపాలెం సముద్రం. మరొక ప్రక్క అనకాపల్లి, నర్సీపట్నం మీదుగా చింతపల్లి కొండలకు పోయే దారి. తుపాకి మందుకు బద్ధశత్రువైన ఉప్పుగాలి ఒకవైపు. తుపాకి మందు కోసం ఏండ్ల తరబడి సర్కారుతో పెనగులాడిన కొండలు మరొకవైపు. నేడు పరవాడ ఆకాశాన సింహాద్రి విద్యుత్కేంద్రపు పొగగొట్టాలు కనిపిస్తాయి. బొగ్గును వేల టన్నుల లెక్కన కాల్చే ఆ చోట నిలబడి గురిగింజల యెత్తు బొగ్గును గూర్చి ఆలోచించడం కొంత వింతగానే ఉంటుంది.

తుపాకి మందులో ఉండేవి మూడే వస్తువులు: పెట్లుప్పు, బొగ్గు, గంధకం. ఐరోపాలో చివరకు స్థిరపడిన పాళ్ళు నూటికి 75, 15, 10. మన దేశంలో ఈ పాళ్ళు ఊరికొక తీరుగా ఉండేవి. గంధకం చప్పున నిప్పందుకుంటుంది, బొగ్గు మండుతుంది, ఆ మంటకు కావలసిన ప్రాణవాయువును పెట్లుప్పు తనలోనుండే ఇస్తుంది. కనుకనే గాలి చొరని గొట్టం అడుగున కూడ మందు కాలగలుగుతున్నది. పెట్లుప్పు హెచ్చుగా బీహారు నేలల నుండి వచ్చేది. ఈస్టిండియా కంపెనీ దానిని ఓడల కొలది ఐరోపాకు తరలించినది. బొగ్గుకు తేలికపాటి కట్టె కావలెను. మన దేశంలో జిల్లేడు కట్టె, కందికట్టె ఇందుకు పేరుపొందినవి. దీపావళికి ఇంటనే చిచ్చుబుడ్లు కూరుకొన్న తరంవారికి ఈ మాట కొత్త కాదు. ఇక గంధకం మన నేలలో దొరికేది బహు స్వల్పం. అది రేవు దాటి రావలసిన సరుకు. ఈ చివరి విషయం శ్రోతలు గుర్తుంచుకోవలసినది. కథ మళ్ళీ అక్కడికి వస్తుంది.

మందును తూచరు, కొలుస్తారు. మన ఇండ్లలో ధాన్యానికి సోల, తవ్వ, మానిక ఎట్లాగో, తుపాకి మందుకు కొలబుర్ర అట్లాగు. నల్లమందు ఇంచుమించు నీటివలెనే తూగుతుంది. ఒకే తరహా పలుకు గల మందును ఒకే పాత్రతో కొలిస్తే బరువులో పెద్ద భేదం రాదు. కాని మానికతో బియ్యం కొలిచిన ఏ ఇల్లాలికైనా తెలిసిన రహస్యం ఒకటి ఉన్నది. పాత్రను కుదిపి కొలిస్తే ఒక లెక్క, కుదపక కొలిస్తే మరొక లెక్క; గోపురం కట్టి కొలిస్తే ఒక లెక్క, అంచుకు సమంగా గీసి కొలిస్తే మరొక లెక్క. గురి తప్పని తుపాకిదారు ఎప్పుడూ ఒకే తీరున పోస్తాడు, ఒకే తీరున తట్టుతాడు, ఒకే తీరున గీస్తాడు. పాత్ర పెద్దదా చిన్నదా అన్నదానికన్నా ఈ అలవాటు ముఖ్యం.

పలుకు సంగతి కూడ ఉన్నది. మందు పైపై నుండి లోపలికి కాలుతుంది గనుక సన్నపు పలుకు త్వరగాను, ముతక పలుకు నెమ్మదిగాను కాలుతాయి. ఫిరంగికి ముతకమందు, చేతితుపాకికి నడితరం, చెవిలో పోసే రంజకానికి మిక్కిలి సన్ననిది. ఒకదానికి చేసిన కొలబుర్రతో మరొకదానిని కొలిస్తే ఒత్తిడి లెక్క తారుమారవుతుంది. పెట్లుప్పును సరిగా శుద్ధి చేయక అందులో మామూలు ఉప్పు మిగిలిపోతే అది చెమ్మ పీల్చుకుంటుంది. తీరగ్రామాలలో ఇది పెద్ద బెడద. అట్టి మందు కొలతకు సరిపోతుంది, పనికి సరిపోదు.

మొదటిసారి ఎంత కొలవాలి? దీనికి అమెరికా వేటగాండ్రలో ఒక మోటు పద్ధతి ఉండేది. సీసపు గుండును అరచేతిలో పెట్టుకొని, అది మునిగిపోయేవరకు దానిపై మందు పోసేవారు. ఆ మందు పట్టేటట్లు ఒక కొమ్ముముక్కను కోసి కొలబుర్ర చేసుకొనేవారు. ఆరంభానికి పనికివచ్చే పద్ధతే గాని, తరువాత గొట్టాన్ని బట్టి, గుండును బట్టి సరిచూచుకోక తప్పదు. సైన్యాలవారిది కచ్చితమైన లెక్క. 18వ శతాబ్దపు ఇంగ్లీషు సిపాయి తుపాకికి ఒక్కొక్క పేలుపుకు సుమారు 165 గ్రెయిన్ల మందు, రంజకంతో సహా. 1833లో స్థిరపరచిన తులం బరువు 180 గ్రెయిన్లు. తులానికి 96 గురిగింజలనే లెక్కన ఇది ఇంచుమించు 88 గురిగింజల యెత్తు. దాని తరువాత వచ్చిన 1853 నాటి ఎన్‌ఫీల్డు తుపాకికి 68 గ్రెయిన్లు, అనగా 36 గురిగింజలు చాలినవి. గొట్టం లోపల మరలు చెక్కి, గుండు వాటికి బిగిసేటట్లు చేసినందువల్ల సగం మందుతోనే గుండు ఎక్కువ దూరం, ఎక్కువ సూటిగా పోయినది. ఎక్కువ పోస్తే ఎక్కువ బలమని అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఒక హద్దు దాటిన తరువాత మిగిలిన మందు కాలక మూతిలోనుండి బయటపడుతుంది. తన్నుడు మాత్రం భుజానికి దక్కుతుంది.

కొలబుర్ర ఉన్నది లెక్క కోసమే కాదు. ఒకసారి కాల్చిన గొట్టం అడుగున నిప్పురవ్వ మిగిలి ఉండవచ్చును. మందుకొమ్మును తిన్నగా మూతికి వంచి పోసినవాని చేతిలో ఆ కొమ్మంతా ఒక్కసారిగా అంటుకొనే ప్రమాదం ఉన్నది. నడుమ కొలబుర్ర ఉంటే అంటుకొనేది ఆ ఒక్క కొలత మందు మాత్రమే. నిల్వకూ నిప్పుకూ మధ్య హద్దు అది. ఇప్పటికీ ప్రపంచంలో ఈ పాత తుపాకులతో గురిపోటీలు జరుగుతున్నవి. 1971లో వాటి కొరకు ఒక అంతర్జాతీయ సంఘం కూడ ఏర్పడినది. అక్కడ కొమ్ము నుండి నేరుగా పోయరాదు. ప్రతి పేలుపుకూ కావలసిన మందును ముందుగానే చిన్నచిన్న గొట్టాలలో విడివిడిగా నింపి తెచ్చుకోవలసినదే. పాతకాలపు వత్తి తుపాకి సిపాయి భుజాన వ్రేలాడే కొయ్యడబ్బీల దండ కూడ ఇదే ఉపాయం.

సరంజామా ఎన్నుకొనేవారికి పెద్దల హెచ్చరికలు మరి రెండు కలవు. గుండు మందుకు ఆనుకొని కూర్చోవలెను. నడుమ ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బి పగులుతుంది. మందు ఒకమారు పోసినదీ లేనిదీ తెలియడానికి దట్టించే కడ్డీ మీద ఒక గుర్తు గీసి ఉంచుకోవలెను. 1884 తరువాత ఫ్రాన్సులో పుట్టి లోకమంతా వ్యాపించిన పొగలేని మందును మాత్రం ఈ తుపాకులలో ఒక్క పలుకైనా పోయరాదు. నల్లమందు కొలబుర్రతో దానిని కొలిచినవారి గొట్టాలు చేతిలోనే బ్రద్దలైనవి.

ఇప్పుడు మన నేల మీద జరిగిన చరిత్రకు వద్దాము. 1757 జనవరి 24న బొబ్బిలి కోటను చుట్టుముట్టిన బుస్సీ వద్ద ఫిరంగులు, కవాతు నేర్చిన సిపాయిలు ఉన్నారు. మరుసటి ఏడు, 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఇంగ్లీషు సేనాని ఫోర్డు ఓడించినాడు. విజయనగర ప్రభువు ఆనందగజపతి ఫోర్డు పక్షాన ఉండినాడు. ఆ ప్రభువు కాల్బలాన్ని గూర్చి చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ కొంత ఎగతాళిగా వ్రాసినాడు. కొందరివి మోటు తుపాకులట, తక్కినవారివి ఈటెలు, విండ్లు. ఎగతాళి సంగతి అట్లుండనిండు. తేడా ధైర్యంలో లేదు. బొబ్బిలిలో ధైర్యానికి కొదువ ఏమున్నది? కాగితపు తూటాలో ఉన్నది తేడా.

కొలతకు సరిపడ మందును, గుండును కలిపి ఒక కాగితపు పొట్లంగా చుట్టితే అదే తూటా. సిపాయి దాని కొనను పండ్లతో చింపి, కొంచెం రంజకానికి పోసి, మిగిలినది గొట్టంలో పోసి, గుండును కాగితంతో సహా దట్టించేవాడు. కవాతు బాగా వచ్చినవాడు నిమిషానికి మూడుసార్లు కాల్చగలిగేవాడు. కొమ్ము విప్పి, కొలబుర్ర నింపి, గుండు వెదకి, వత్తి ఊదుకొనే వాడు ఆ నిమిషంలో ఒక్కసారి కాల్చడమే కష్టం. 1794 జులై 10న పద్మనాభం వద్ద చిన విజయరామరాజు తన అనుచరులతో కూడ నేలకొరిగిన యుద్ధం గంటసేపైనా సాగలేదు. ఎదుట ఉన్నది కల్నల్ ప్రెండర్‌గాస్ట్ నడిపిన కంపెనీ సిపాయిల దళం.

ఐతే తూటా వచ్చిన నాటినుండి కొలబుర్ర సిపాయి చేతిలోనుండి పోయినది. కొలత ఇప్పుడు ఆయుధాగారంలో జరుగుతుంది. పొట్లంలో ఏమున్నదో, కాగితానికి ఏ కొవ్వు పూసినారో సిపాయికి తెలియదు. పై అధికారి మాట నమ్మవలసినదే. 1857లో ఉత్తరాదిన ఆ నమ్మకం పోయినది. ఆవుకొవ్వు, పందికొవ్వు పూసిన తూటాలను పండ్లతో చింపవలసి వస్తుందనే భయం, లోపల రగులుతున్న ఇతర కోపాలకు అగ్గి అయినది. ఆనాటి ఎన్‌ఫీల్డు కూడ మూతినుండి దట్టించే తుపాకే.

తరువాత సర్కారు చేసినది ఆలోచింపదగినది. 1878 ఆయుధాల చట్టం తుపాకికి లైసెన్సు పెట్టినది. అంతటితో ఆగలేదు. కావలసిన ప్రాంతాలలో సీసానికి, గంధకానికి, పెట్లుప్పుకు కూడ ఆ చట్టాన్ని వర్తింపజేసే అధికారాన్ని ప్రభుత్వం తన చేతిలో ఉంచుకొన్నది. గొట్టాన్ని ఊరి కమ్మరి చేయగలడు, బొగ్గును అడవి ఇస్తుంది. రేవు దాటి వచ్చే గంధకాన్ని పట్టుకొంటే మిగిలినవన్నీ పట్టుబడినట్లేనని ఆ చట్టం వ్రాసినవారికి బాగా తెలుసు. ఆ మరుసటి ఏడు, 1879 మార్చిలో, రంప కొండలలో ముఠాదార్ల పితూరీ లేచి గొలుగొండ కొండలకు ప్రాకినది. కల్లుపన్ను, మునసబుదారు దౌర్జన్యం అందుకు కారణాలు. కొండవారి చేతిలో ఉన్నవి వత్తి తుపాకులు. అవి మొరటువే; కాని వాటికి కావలసిన మందును ఎట్లాగో ఒకలాగు సమకూర్చుకోవచ్చును.

1922 నాటికి ఆ స్థితి మారినది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలను అల్లూరి సీతారామరాజు ముట్టడించి 26 తుపాకులను, సుమారు 2500 తూటాలను చేజిక్కించుకొన్నారు. ఆ సాహసం తెలుగువారందరికీ తెలిసినదే. నేను ఎత్తిచూపదలచినది ఆ రెండవ అంకెను. అవి వెనుక నుండి లోహపు తూటా పెట్టి కాల్చే తుపాకులు. ఏ కొలబుర్రా వాటికి మేత పెట్టలేదు. జిల్లేడు బొగ్గు పనికిరాదు. 26 తుపాకులకు పంచితే తుపాకికి నూరు తూటాలైనా రావు. ఆ తూటాలు తరుగుతూ ఉంటే మరల నింపేది శత్రువు ఠాణా ఒక్కటే. ఆ తరువాత ఠాణాలలో ఆయుధాలు దొరకకుండా సర్కారు జాగ్రత్తపడినది. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ఇద్దరు ఇంగ్లీషు అధికారులను కూల్చిన దళం, డిసెంబరు 6న పెదగడ్డపాలెం వద్ద గట్టి దెబ్బ తిన్నది. ఆ పైన పదిహేడు నెలలపాటు రాజు కొండలలో నిలిచినారంటే అది తూటాల బలం కాదు, కొండజనం అండ. 1924 మే 7న కొయ్యూరు వద్ద ఆయనను కాల్చివేసినారు.

ఆ చింతపల్లి, ఆ కొయ్యూరు 2022 ఏప్రిల్ నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నవి. పరవాడ అదే నాడు అనకాపల్లి జిల్లాలో చేరినది. మూతినుండి దట్టించే నాటు తుపాకి మన్యంలో ఇంకను కనిపిస్తూనే ఉన్నది. వేట 1972 వన్యప్రాణి చట్టంతో నిషేధింపబడినది. తుపాకి ఉంచుకోదలచినవారు 1959 ఆయుధాల చట్టం క్రింద లైసెన్సు పొందవలెను. ఎంత మందుగుండు ఉంచుకోవచ్చునో ఆ లైసెన్సులోనే వ్రాసి ఉంటుంది.