ఉన్నట్టుండి మతి మారిందా? మెదడు వాపేమో చూపించండి

చేజర్ల, ఆత్మకూరు వైపు ఊళ్లలో వయసు పిల్ల ఉన్నట్టుండి నిద్ర మానేసి, పొంతన లేకుండా మాట్లాడితే 'గాలి సోకింది' అంటారు. దగ్గర్లోని ఏ.ఎస్.పేట దర్గాకు తీసుకెళ్తారు. దువా చేయొచ్చు, కానీ దవా ఆలస్యం కాకూడదు.

ఇది ఆటో ఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ కావచ్చు. అంటే రోగాలను ఎదుర్కోవాల్సిన యాంటీబాడీలు సొంత మెదడు మీదే దాడి చేయడం. ఇందులో ముఖ్యమైన ఎన్‌ఎండీఏ రిసెప్టర్ రకాన్ని 2007లో డాక్టర్ జోసెప్ డాల్మౌ బృందం గుర్తించింది.

లక్షణాలు: మొదట తలనొప్పి, జ్వరం రావచ్చు. కొద్ది రోజులకు భయం, భ్రమలు. తర్వాత ఫిట్స్, నోరు అదేపనిగా ఆడించడం, మాట పడిపోవడం.

పరీక్ష: ఎంఆర్ఐ మామూలుగానే రావచ్చు. వెన్ను నీటిలో యాంటీబాడీలు చూడాలి.

చికిత్స: స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్, ప్లాస్మా మార్పిడి. కొందరు ఆడవాళ్లకు అండాశయంలో గడ్డ ఉంటుంది, దాన్ని తీసేయాలి.

2013లో వచ్చిన ఒక అధ్యయనంలో 501 మందిలో 394 మంది రెండేళ్లలోపు బాగా కోలుకున్నారు. చికిత్స త్వరగా మొదలైనవారికి మేలు ఎక్కువగా జరిగింది.

మతి మార్పుతో పాటు ఫిట్స్ గానీ జ్వరం గానీ ఉంటే వెంటనే న్యూరాలజీ డాక్టరుకు చూపించాలి. తిరుపతి స్విమ్స్, బెంగళూరు నిమ్హాన్స్‌లలో ఈ విభాగం ఉంది.