దివిసీమ ఉప్పెన నుంచి ఇన్సాట్ వరకు

1977 నవంబరు 19ని రేపల్లె, బాపట్ల తీరవాసులు నేటికీ మరువలేదు. ఆనాటి తుపానులో ఎగసిన ఉప్పెన దివిసీమను, పరిసర తీర గ్రామాలను ముంచెత్తింది. సుమారు 10,000 మంది మరణించారు. తుపాను వస్తోందని వాతావరణ శాఖ హెచ్చరించింది. అయితే ఆ హెచ్చరిక చిట్టచివరి గ్రామానికి సకాలంలో చేరలేదు.

ఈ లోటును తీర్చడంలో ఇన్సాట్-1బి ఒక మలుపు. 1983 ఆగస్టు 30న చాలెంజర్ నౌక ద్వారా ప్రయోగించిన ఈ ఉపగ్రహం దాదాపు 36,000 కి.మీ. ఎత్తు నుంచి మేఘాల చిత్రాలు పంపేది. టెలిఫోన్, దూరదర్శన్ సంకేతాలనూ మోసేది. తెనాలి వంటి పట్టణాలలో నేటి డీటీహెచ్ వ్యాపారానికీ ఇటువంటి ఉపగ్రహాలే ఆధారం. 1980ల మధ్యలో తీరగ్రామాలలో ప్రత్యేక రిసీవర్లు అమర్చారు. ఉపగ్రహం ద్వారా సందేశం రాగానే సైరన్ మోగి, తెలుగులో హెచ్చరిక వినిపించేది. 1990 మే తుపాను కూడా కృష్ణా ముఖద్వారం వద్దే తీరం దాటింది. లక్షమందికి పైగా ప్రజలను ముందే తరలించారు. మృతులు వెయ్యిలోపే.

నేడు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ ఉపగ్రహ సమాచారంతో చేపలు దొరికే చోట్లను సూచిస్తోంది. నిజాంపట్నం వంటి రేవుల మత్స్యకారులకు దీనివల్ల వెతుకులాట, డీజిల్ ఖర్చు తగ్గుతాయి.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల వద్ద తీరం దాటింది. హెచ్చరిక ముందే అందినా, కోతకొచ్చిన వరి నీటమునిగింది. ఉపగ్రహం ఇచ్చేది వ్యవధి మాత్రమే. దానిని వినియోగించుకొనే ఏర్పాట్లు సమాజమే చేసుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 1977, 1990 తుపానుల మృతుల సంఖ్యలో తేడాకు కారణాలేమిటి?