హ్యారిసన్ ఆపిల్: ఒక అంటు కథ

న్యూజెర్సీలో ఉంటున్న మనవాళ్ళకి లివింగ్‌స్టన్, పరామస్ ఊళ్ళు కొత్తవి కావు. మొదటిది మంచి బళ్ళున్న ఊరని, రెండోది షాపింగ్ మాల్స్ ఊరని అందరికీ తెలుసు. అంతరించిందనుకున్న ఒక ఆపిల్ రకం మళ్ళీ దొరికింది కూడా ఈ రెండు ఊళ్ళలోనే అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. దాని పేరు హ్యారిసన్. మా పెరట్లో ఆ చెట్టు ఒకటి పెరుగుతోంది కనుక దాని చరిత్ర నాలుగు మాటల్లో చెబుతాను.

అసలు ఆపిల్ అమెరికాది కాదు. దాని పూర్వీకులు ఈనాటి కజకిస్తాన్ కొండల్లోని అడవి చెట్లు. అక్కణ్ణించి ఐరోపాకు, ఐరోపా వలసదారుల వెంట 17వ శతాబ్దంలో ఈ దేశానికి వచ్చింది. మనలాగే వలస వచ్చి స్థిరపడిందన్నమాట! ఆ రోజుల్లో ఆపిల్ పంటలో చాలా భాగం తినడానికి కాదు, రసం తీసి పులియబెట్టి సైడర్‌గా తాగడానికే పోయేది.

నెవార్క్ సైడర్ అప్పట్లో ప్రసిద్ధి. దానికి పేరు తెచ్చిన ఆపిల్ 18వ శతాబ్దంలో ఎసెక్స్ కౌంటీలో పుట్టిన హ్యారిసన్. విలియం కాక్స్ 1817లో పండ్ల చెట్ల పెంపకం మీద ప్రచురించిన గ్రంథంలో దీన్ని వర్ణించాడు. కాయ చిన్నది, పసుపు రంగు, మీద నల్లటి చుక్కలు. కండ గట్టిగా ఉంటుంది, రసం చిక్కన.

తర్వాత కాలం మారింది. తోటలున్న చోట ఫ్యాక్టరీలు, ఇళ్ళు లేచాయి. జనం సైడర్ మాని బీరుకు అలవాటు పడ్డారు. 1920 నుంచి 1933 వరకు సాగిన మద్యనిషేధం మరో దెబ్బ. 20వ శతాబ్దంలో హ్యారిసన్ కనబడకుండా పోయింది.

పోతే పోయింది, గింజ నాటి మళ్ళీ పెంచకూడదా అంటారేమో. అక్కడే ఉంది చిక్కు. ఆపిల్ గింజ నాటితే తల్లి చెట్టు కాయ రాదు, వేరే ఏదో రకం వస్తుంది. మన మామిడి సంగతి గుర్తు చేసుకోండి. బంగినపల్లి కావాలంటే టెంక నాటం, అంటు కడతాం. ఈనాటి ప్రతి బంగినపల్లి చెట్టూ ఎవరో ఒకరు కొమ్మ కోసి కట్టిన అంటే. ఒక తరం అంటు కట్టడం మానేస్తే, ఉన్న చెట్లతోనే ఆ రకం ముగిసిపోతుంది.

హ్యారిసన్‌కి ఆ గతి పట్టేదే. 1976 సెప్టెంబరులో లివింగ్‌స్టన్‌లోని ఒక పాత సైడర్ మిల్లు దగ్గర ఒక చెట్టు బయటపడింది. వెర్మాంట్ నుంచి వచ్చిన ఒక పండ్ల సేకర్త దాన్ని గుర్తించి కొమ్మలు తీసుకున్నాడు. అదే ఏడాది నవంబరులో ఆ చెట్టును కొట్టేశారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, సర్వర్ పోవడానికి రెండు నెలల ముందు బ్యాకప్ తీసినట్టు! 1989లో ఆపిల్ నిపుణుడు థామస్ బర్ఫర్డ్ పరామస్‌లోని ఒక పెరట్లో రెండో చెట్టును గుర్తించాడు. ఇప్పుడు సైడర్ తయారీదారులు హ్యారిసన్ తోటలు మళ్ళీ వేస్తున్నారు.

అంటు కట్టడం కష్టమేమీ కాదు. ఫిబ్రవరిలో, చెట్టు నిద్రలో ఉండగా, పెన్సిలంత లావు కొమ్మ కోసి, తడి కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఏప్రిల్‌లో వేరు మొక్క కాండాన్ని, ఈ కొమ్మను ఒకే ఏటవాలుగా కోసి, బెరడు కింది పచ్చటి పొరలు కలిసేలా చేర్చి టేపు చుట్టాలి. కడియం నర్సరీల పనితనం చూసినవారికి ఇది కొత్త కాదు. దగ్గర్లో మరో రకం ఆపిల్ చెట్టు ఉంటేనే కాపు బాగుంటుంది. జింకలు రాకుండా కంచె తప్పదు. మా చెట్టు నాలుగో ఏట కాసింది. కాయలు దీపావళి వేళకు పండుతాయి.

ఉద్యోగం మారితే ఇల్లు అమ్మి వెళ్ళిపోవడం మనకు మామూలే. కొత్తగా వచ్చినవాళ్ళు చెట్టును ఉంచుతారో, కొట్టేస్తారో చెప్పలేం. అందుకే ఏటా రెండు మూడు అంట్లు కట్టి మిత్రుల పెరళ్ళకు పంపుతున్నాను. ఎండ పడే జాగా ఉన్నవారు అడగండి, వచ్చే ఏప్రిల్‌లో మీకూ ఒకటి కడతాను. అది కాపుకొచ్చాక మీరు ఇంకొకరికి కట్టివ్వండి.