విచారణ గురువు

తెలుగు కతోలికులు ఒక గురువు పాలనకు అప్పగింపబడిన ప్రాంతమును 'విచారణ' యందురు. ఆ గురువును 'విచారణ గురువు' అందురు. విచారించుట యనగా అడిగి తెలిసికొనుట, బాగోగులు చూచుకొనుట, దుఃఖించుట. ఐరోపాలో ఆ పదవి చరిత్రను పరిశీలించినచో ఈ మూడర్థములును అందు కానవచ్చును.

మొదటిది 1215వ సంవత్సరమున స్థిరపడినది. మూడవ ఇన్నొసెంటు పోపు రోము నగరమున సమావేశపరచిన నాల్గవ లాతెరాను మహాసభ, వివేకము వచ్చిన ప్రతి క్రైస్తవుడును ఏటికొకసారియైనను తన గురువు నెదుట పాపసంకీర్తనము చేయవలెనని శాసించెను. గురువు నేర్పరియైన వైద్యునివలె పాపియొక్క స్థితిగతులను, పాపము జరిగిన తీరును విచారించి తగిన ఔషధమును నిర్ణయింపవలెను. విన్నదానిని మాటచేత గాని సైగచేత గాని బయలుపుచ్చరాదు. బయలుపుచ్చినవానిని పదవినుండి తొలగించి, జీవితాంతము ప్రాయశ్చిత్తము చేయుటకై కఠినమైన మఠమున నుంచవలెను. ఇంతటి సూక్ష్మబుద్ధిని కోరిన ఆ కాలమున పల్లె గురువులలో పెక్కుమంది ఒక పెద్ద గురువు వద్ద సేవ చేయుచు పూజావిధులను నేర్చుకొన్నవారే. దశమభాగపు పన్నులలో అధికాంశము పలుచోట్ల మఠములకో, ఊరిలో నివసింపని అధికారులకో పోవుచుండగా, స్వల్ప జీతమునకు కుదిరిన ప్రతినిధి ఊరి భారమును మోయుచుండెను.

1545 మొదలు 1563 వరకు విడతలుగా జరిగిన త్రెంతు మహాసభ రెండవ యర్థమునకు రూపమిచ్చెను. గురువు తన విచారణలోనే నివసింపవలెను. ఆదివారములందును పండుగలందును బోధింపవలెను. బాలురకు జ్ఞానోపదేశము నేర్పవలెను. వివాహము అతని యెదుట, ఇద్దరు ముగ్గురు సాక్షుల సమక్షమున జరుగవలెను. జ్ఞానస్నానములను, వివాహములను పుస్తకములలో వ్రాసి భద్రపరుపవలెను. గురువిద్యాలయములను స్థాపింపవలెనని పీఠాధిపతులను ఆదేశించినదియు ఈ సభయే.

రాజులును ఈ పుస్తకముల ఉపయోగమును గుర్తించిరి. ఫ్రాన్సులో 1539నాటి రాజశాసనమే జ్ఞానస్నానములను నమోదు చేయుమని గురువులను ఆజ్ఞాపించియుండెను. క్రమముగా అచ్చటి పల్లె గురువు దేవునికి పూజారియు, రాజునకు కరణమును అయ్యెను. 1790లో విప్లవ ప్రభుత్వము అతనిని జీతము తీసికొను ఉద్యోగిగా మార్చి, నూతన విధానమునకు కట్టుబడుదునని ప్రమాణము చేయుమనెను. ఇంచుమించు సగము మంది చేసిరి. తక్కినవారు నిరాకరించి కొలువు కోల్పోయిరి. వారిలో పెక్కుమంది దేశాంతరములు పట్టిరి. 1792లో జనన, వివాహ, మరణముల నమోదు పురపాలకుల చేతికి పోయెను.

అట్టి కల్లోలమున బాల్యము గడపినవాడు జాన్ మరియ వియాన్నె. 1786లో రైతు కుటుంబమున జన్మించెను. 1799లో అతడు తొలి సత్ప్రసాదమును స్వీకరించినది గుడిలో కాదు, కిటికీలు మూసిన ఒక యింటిలో. లాటిను భాష అతనికి కొరుకుడుపడలేదు; ఒక పెద్ద గురువు పట్టుదల వలన 1815లో గురుపట్టము పొందెను. 1818లో అతనికి దక్కినది లియోన్ నగరమునకు ఉత్తరముననున్న ఆర్స్ అను కుగ్రామము. జనసంఖ్య సుమారు 230.

వియాన్నె పూజతో, పుస్తకముతో తృప్తి చెందలేదు. పానశాలలను, నృత్యములను ఖండించెను. 1824లో బాలికలకు ఉచిత పాఠశాల తెరపించెను. చదువులేనివాడని తోటి గురువులలో కొందరు ఆక్షేపించిరి. అయినను అతని కీర్తి వ్యాపించి, చివరి యేండ్లలో ఏటికి వేలకొలది యాత్రికులు వచ్చుచుండిరి. తెల్లవారకమునుపే గుడికి పోయి, దినమునకు 16 గంటల వరకు పాపసంకీర్తనములు వినెడివాడు.

ఇచ్చటనే మూడవ యర్థము గోచరించును. తాను ఆ పదవికి తగనివాడనను భయము అతనిని విడువలేదు. ఏకాంతమున తన పాపములకై విలపింపవలెనని ఆర్స్ విడిచిపోవుటకు పలుమార్లు ప్రయత్నించెను. 1843లో జబ్బునుండి కోలుకొని సోదరుని యింటికి వెడలిపోగా యాత్రికులు అచ్చటికే చేరిరి. 1853లో రాత్రివేళ బయలుదేరగా గ్రామస్థులు దారికడ్డము నిలిచిరి. వారి ప్రేమ నిజమైనదే. కాని పరుల దుఃఖమును వినువానికి తన దుఃఖమును ఒంటరిగా అనుభవించు తీరిక దొరకలేదు. 1859 ఆగస్టు 4న అతడు ఆర్స్‌లోనే మరణించెను. 1925లో పునీతుడుగా ప్రకటింపబడి, 1929లో విచారణ గురువులకు పాలకపునీతుడయ్యెను. విచారణను విడిచిపోజూచినవానిని విచారణ గురువులందరికి ఆదర్శముగా నిలుపుట గమనింపదగినది.

1983నాటి తిరుసభ ధర్మశాస్త్రము ప్రకారము గురువు తన జనులను ఎరుగవలెను, కుటుంబములను దర్శింపవలెను, వారి చింతలలో, శోకములలో పాలుపంచుకొనవలెను, పేదలను, రోగులను, ప్రవాసులను ప్రత్యేకముగా ఆదరింపవలెను. సెలవు సాధారణముగా ఏటికి ఒక నెలకు మించరాదు. 75 ఏండ్లు నిండినపుడు పదవీవిరమణకు కోరిక సమర్పింపవలెను. తెలుగు పల్లెలలో ఒక్క విచారణ క్రింద పలు గ్రామములుండుట పరిపాటి. ఉపదేశులు తోడుపడకున్నచో ఈ విధులు నెరవేరుట కష్టము. గురువులను శ్రద్ధతో చూచుకొనుమని పీఠాధిపతికిని శాస్త్రము విధించినది. కాని పీఠాధిపతి దూరముననుండును. దగ్గరనున్నవారు విచారణలోని జనులే. గురువును విచారించు బాధ్యతయు కొంత వారిదే.